వెడల్పు 125 సరే, ఎత్తు మాటేమిటి?

గుంటూరు–తెనాలి దారిలో, విజ్ఞాన్ విశ్వవిద్యాలయం ఉన్న ఊరు వడ్లమూడి. ఆ పేరు ఇంగ్లీషులో రాస్తే 9 అక్షరాలు, 9 బైట్లు, ఒకే వరుస. తెలుగులో కంటికి కనిపించేవి 4: వ, డ్ల, మూ, డి. కంప్యూటరుకు మాత్రం 8 యూనికోడ్ సంకేతాలు, యూటీఎఫ్-8లో 24 బైట్లు. బైట్లు ఎలా ఉన్నా తెర మీద అసలు చిక్కు చోటు దగ్గరే. డి నెత్తిన గుడి, డ కింద ల ఒత్తు, మూ కొమ్ము కుడివైపుకు.

ఇప్పటి యాప్‌లు ఇష్టపడేవి వెడల్పుగా, గుండ్రంగా, వృత్తలేఖినితో గీసినట్టుండే ఫాంట్లు. వీటి పెద్దతాత జర్మనీలో పాల్ రెన్నర్ గీయగా 1927లో విడుదలైన ఫ్యూచురా. మన అక్షరాలకు గుండ్రదనం కొత్తేమీ కాదు, పుట్టుకతోనే ఉంది. వెడల్పు మాత్రం నిజంగా పనికొస్తుంది. థ, ధ మధ్య తేడా పొట్టలోని చుక్క ఒక్కటే. చిన్న సైజులో, బొద్దు అక్షరాల్లో ఆ చుక్క పూడుకుపోతుంది. పొట్ట వెడల్పైతే చుక్క బతుకుతుంది.

ఏక్ టైప్ వారి అనేక్ తెలుగు ఫాంటులో వెడల్పు 75 నుంచి 125 దాకా, మందం 100 నుంచి 800 దాకా మార్చుకోవచ్చు. వెడల్పు 100 దగ్గర 80 పిక్సెళ్లు పట్టే బటన్ మాట 125 దగ్గర సుమారు 100 అడుగుతుంది. 360 పిక్సెళ్ల ఫోన్లో మూడు బటన్లు పక్కపక్కన పెడితే 300 అక్కడే ఖర్చు. అందుకే 125ను శీర్షికలకు ఉంచి, బటన్లకు 100 చాలంటాను.

ఎత్తు దగ్గర పిసినారితనం పనికిరాదు. 16 పిక్సెళ్ల అక్షరానికి వరుస ఎత్తు 1.2 రెట్లంటే 19.2 పిక్సెళ్లు, ఇంగ్లీషుకు సరిపోతుంది. 1.5 రెట్లయితే 24. ల ఒత్తు కాపురం ఆ తేడాలోనే. అది తెగితే వడ్లమూడి కాస్తా వడమూడి!

గుంటూరు పేరే పెట్టుకున్న హింద్ గుంటూరు ఫాంటులో 5 మందాలు, 300 నుంచి 700 దాకా. యాప్‌కు అది నప్పుతుంది. సిలికానాంధ్ర అందించిన తెనాలి రామకృష్ణ ఫాంటుకు ఒకే మందం, శుభలేఖలకు భేష్. ఏది ఎంచుకున్నా "రాష్ట్రం" టైపు చేసి చూడండి. 8 సంకేతాలు, 2 అక్షరాలు, ష కింద రెండు ఒత్తులు. అక్కడ 24 పిక్సెళ్ల వరుస ఎత్తు కూడా ఇరుకైతే 26 ఇవ్వండి.