మీకు తెలుసా? పత్తర్‌గట్టి అంగళ్ల పైన కాపురాలుండేవి

మామిడిపల్లి నుంచి పహాడీషరీఫ్, చాంద్రాయణగుట్ట మీదుగా పాతబస్తీకి పెళ్లి బట్టలకో, ముత్యాలకో వెళ్లేవాళ్లు చార్మినార్ దాటాక పత్తర్‌గట్టిలో తప్పక ఆగుతారు. బేరం మీదే ధ్యాస ఉంటుంది కాబట్టి తల పైకెత్తి చూసేవాళ్లు తక్కువ!

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తాక, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఇరుకు బస్తీలను సరిచేసి రోడ్లు వెడల్పు చేసిన ఆ బోర్డు కట్టించిందే ఈ బజారు. మొత్తం గ్రానైటే. రోడ్డుకు రెండు పక్కలా ఒకే తీరు కమానులు, వాటి వెనక నీడపట్టున నడవడానికి వరండా, ఆ లోపల దుకాణాలు. ఎండైనా వానైనా కొనేవాడు తడవకుండా, మాడకుండా తిరగొచ్చు. ఇప్పటి మాల్స్‌లో ఈపాటి ఆలోచన ఎన్నింటికుంది?

కింద వ్యాపారం, పైన నివాసం అన్నది అసలు పథకం. ఇప్పుడు పై అంతస్తుల్లోనూ చాలాచోట్ల సరుకే కాపురముంటోంది.

పత్తర్‌గట్టిని నిజాం కాలపు బోర్డు కట్టిస్తే, కోఠి బజారు కథ వేరు. బ్రిటిష్ రెసిడెన్సీ చుట్టూ పెరిగిన రెసిడెన్సీ బజారు బ్రిటిష్‌వాళ్ల అధీనంలోనే ఉండేది. 1933లో నిజాం చేతికి తిరిగొచ్చాకే అది సుల్తాన్ బజార్ అయింది.

ఈసారి పత్తర్‌గట్టి వెళ్తే, బోర్డుల వెనక దాక్కున్న ఆ రాతి కమానులను ఓసారి చూడండి.