పెట్టె వేడెక్కిందా? బోర్డు మార్చేముందు దుమ్ము దులపండి!

* ఎండాకాలంలో దానంతటదే ఆగిపోయే ఇంటి కంప్యూటర్లు
* చాలాసార్లు కారణం ప్రాసెసర్ వేడే
* వందల్లో పోయే రిపేరుకు వేలు పోసుకోవద్దు

పాలకోడు: ఎండలు ముదిరితే వడదెబ్బ మనుషులకే కాదు.. ఇంట్లో మూలనున్న కంప్యూటర్‌కూ తగులుతుంది. పిల్లాడు టీఎన్‌పీఎస్సీ దరఖాస్తు నింపుతుండగానే తెర నల్లబడుతుంది. తెలుగు పెళ్లిపత్రిక డీటీపీ సగంలో ఉండగా యంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. మళ్లీ మీట నొక్కితే రెండు నిమిషాలు పనిచేసి మళ్లీ చతికిలబడుతుంది. 'కరెంటు సరిగా లేదేమో' అని ఒకరు, 'వైరస్ పట్టింది' అని ఇంకొకరు అంటారు. చివరికి పెట్టెను బండి మీద పెట్టుకుని దుకాణానికి పోతే 'బోర్డు పోయింది, మార్చాల' అన్న మాట వినాల్సి రావచ్చు. అంటే వేలల్లో ఖర్చు. అసలు జబ్బు మాత్రం చాలాసార్లు అంత పెద్దది కాదు. పెట్టె లోపల పేరుకున్న దుమ్ము, ఎండిపోయిన కాస్త పేస్టు, ఊడిన ఒక ప్లాస్టిక్ పిన్ను.. ఇంతే!

పాలకోడు, కారిమంగళం, మారండహళ్లి ప్రాంతాల్లో తమిళంతోపాటు తెలుగు, కన్నడం మాట్లాడే కుటుంబాలు ఎన్నో. టమాటా, మామిడి, చెరకు మీద బతికే ఇళ్లివి. 2020లో కరోనా వచ్చి చదువులు ఆన్‌లైన్‌లోకి మారినప్పుడు ఇలాంటి ఊళ్లలోనూ కంప్యూటర్ల అవసరం పెరిగింది. కొత్తది కొనలేనివారికి బెంగళూరు ఎస్పీ రోడ్డు, చెన్నై రిచీ స్ట్రీట్‌లలో దొరికే సెకండ్‌హ్యాండ్ యంత్రాలే దిక్కు. ఆఫీసుల్లో ఏళ్ల తరబడి పనిచేసి వచ్చిన పెట్టెలవి. లోపలి ప్రాసెసర్ గట్టిదే అయినా దానిమీది పేస్టు ఎప్పుడో ఎండిపోయి ఉంటుంది. ఏసీ గదిలో చల్లగా నడిచిన ఆ యంత్రాన్ని రేకుల ఇంట్లో, రోడ్డు పక్కన, వంటగది పొగ తగిలే చోట పెడితే ఏమవుతుంది? మొదటి వేసవికే మొరాయిస్తుంది.

వేడి ఎక్కడిది?

మన దగ్గర పెట్టె మొత్తాన్నీ 'సీపీయూ' అనడం అలవాటు. నిజానికి సీపీయూ అంటే లోపల బోర్డు మీద ఉండే ప్రాసెసర్ మాత్రమే. అందులోని అసలు సిలికాన్ ముక్క దాదాపు బొటనవేలి గోరంత. అది తాగే కరెంటు అంతా చివరికి వేడిగానే మారుతుంది. ఇళ్లలో కనిపించే మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు కంపెనీలు రాసే లెక్క చాలావరకు 65 వాట్లు. పాతకాలపు 60 వాట్ల గుండు బల్బు ఎంత వేడెక్కేదో అందరికీ తెలుసు. అంత వేడి గోరంత చోట పుడితే దాన్ని ఎప్పటికప్పుడు బయటికి లాగేయాల్సిందే.

ఆ పనికి మూడు ఉంటాయి. ప్రాసెసర్‌కు అంటుకుని ఉండే లోహపు దిమ్మె హీట్ సింక్. ప్రాసెసర్‌కూ, దిమ్మెకూ నడుమ సన్నని పొరగా రాసేది థర్మల్ పేస్టు. దిమ్మె రెక్కల నడుమ గాలి ఆడించేది ఫ్యాన్. ఈ మూడింట్లో ఏ ఒక్కటి పని మానేసినా వేడి లోపలే నిలిచిపోతుంది.

ఈ తంటా ఈనాటిది కాదు. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌కు ఫ్యాన్ అక్కరే లేదు. అందులో ఉన్నవి సుమారు 2,300 ట్రాన్సిస్టర్లే. 2004 నాటి పెంటియం 4 రకాల్లో కొన్ని 100 వాట్లు దాటేశాయి. వేగం పెంచుకుంటూ పోతే వేడిని ఆపలేమని తేలాకే కంపెనీలు ఒకే ముక్కలో రెండు, నాలుగు కోర్లు పెట్టే దారి పట్టాయి. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే సంస్థ నడుస్తున్న ప్రాసెసర్ల మీది హీట్ సింక్‌ను తీసేసి పరీక్షించింది. ఆనాటి ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కి మాడిపోయింది. పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని నిలిచింది. ఇప్పుడు ఆ రక్షణ అన్ని ప్రాసెసర్లలోనూ ఉంది. వేడి హద్దు చేరితే మొదట నెమ్మదిస్తాయి. అప్పటికీ తగ్గకపోతే తమను తాము ఆపేసుకుంటాయి. కాబట్టి కంప్యూటర్ ఆగిపోయిందంటే చచ్చిపోయిందని కాదు. బతకడానికే ఆగిందన్నమాట!

ముందు జ్వరం చూడండి

థర్మామీటరు పెట్టకుండా మందు వేయకూడదు. ప్రాసెసర్‌లోనే వేడిని కొలిచే ఏర్పాటు ఉంటుంది. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ లేదా ఎఫ్2 మీట వరసగా నొక్కితే చాలా బోర్డుల్లో బయోస్ తెర వస్తుంది. అందులో 'హార్డ్‌వేర్ మానిటర్' లేదా 'పీసీ హెల్త్' అన్నచోట సీపీయూ వేడి, ఫ్యాన్ తిరిగే వేగం కనిపిస్తాయి. విండోస్‌లో ఉండగా చూడాలంటే కోర్ టెంప్, హెచ్‌డబ్ల్యూమానిటర్, హెచ్‌డబ్ల్యూఇన్ఫో వంటి ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి.

ఎంత ఉంటే మంచిది? గది వేడిని బట్టే చెప్పాలి. కూలర్ ఎంత మంచిదైనా ప్రాసెసర్‌ను గది గాలికన్నా చల్లగా చేయలేదు. గది కంటే ఎన్ని డిగ్రీలు ఎక్కువ ఉందన్నదే అసలు లెక్క. ఉదాహరణకు డిసెంబరులో గది 22 డిగ్రీలున్నప్పుడు పని మీద 65 చూపించే యంత్రం, మేలో గది 37 ఉంటే 80 చూపిస్తుంది. కూలర్‌లో లోపం లేకపోయినా 15 డిగ్రీలు ఎండదే! మామూలుగా ఖాళీగా ఉన్నప్పుడు 40 నుంచి 50, బరువైన పని మీద 70 నుంచి 80 దాకా ఉంటే దిగులు అక్కర్లేదు. ఇళ్లలోని పాత రకం యంత్రం 90 దాటుతోందంటే మాత్రం పెట్టె తెరవాల్సిందే. చాలా ఇంటెల్ ప్రాసెసర్లకు హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. 2022లో వచ్చిన ఏఎండీ రైజెన్ 7000 వరసలో మాత్రం కొన్ని బరువైన పనిలో 95 దాకా వెళ్లేలాగే తయారయ్యాయి. వాటిని చూసి కంగారు పడొద్దు.

లక్షణాన్ని బట్టి లోపం

* ఆన్ చేసిన ఒకటి రెండు నిమిషాల్లోనే బయోస్‌లో 80, 90కి ఎగబాకుతోందా? దిమ్మె ప్రాసెసర్‌కు సరిగా అంటుకోలేదు. పిన్ను ఊడి ఉంటుంది, లేదా పేస్టు పూర్తిగా ఎండిపోయి ఉంటుంది.

* ఫ్యాన్ వేగం సున్నా చూపిస్తోందా? ఫ్యాన్ పాడై ఉండొచ్చు. వైరు అడ్డుపడి ఉండొచ్చు. బోర్డు మీద 'సీపీయూ ఫ్యాన్' అని రాసి ఉన్న చోట కాకుండా వేరే చోట గుచ్చి ఉండొచ్చు.

* ఖాళీగా ఉంటే బాగుండి, పని పెంచితే మెల్లగా ఎక్కుతోందా? రెక్కల నడుమ దుమ్ము గడ్డకట్టింది.

* పెట్టె పక్క రేకు తీస్తే వేడి బాగా తగ్గిందా? కూలర్ బాగానే ఉంది, పెట్టెలో గాలి ఆడటం లేదు. కంప్యూటర్ టేబుల్ కింది తలుపుల అరలో పెట్టినా, గోడకు ఆనించినా ఇదే తంతు.

* వేడి 50, 60 లోపే ఉన్నా ఆగిపోతోందా? అది ప్రాసెసర్ వేడి సమస్య కాదు. పవర్ సప్లై అనే ఎస్ఎంపీఎస్‌ను, ర్యామ్‌ను, బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లను, యూపీఎస్ బ్యాటరీని చూడాలి.

ఈ ఐదూ తెలిస్తే దుకాణంలో ఏమడగాలో తెలుస్తుంది. ఏది మార్చనక్కరలేదో కూడా తెలుస్తుంది.

పైసా ఖర్చు లేని పని

మొదట ప్లగ్గు తీసేయాలి. స్విచ్ ఆపితే చాలదు, వైరే పీకేయాలి. తర్వాత పెట్టెను వాకిట్లోకి తెచ్చుకోవాలి. పక్క రేకు స్క్రూలు విప్పి, లోపలి చట్రాన్ని చేత్తో ఒకసారి తాకాలి. ఒంట్లోని స్థిర విద్యుత్తు పోవడానికి ఇది. పట్టుబట్టలు, నైలాన్ బట్టలతో కూర్చోకపోవడం మేలు.

మెత్తని పెయింట్ బ్రష్షుతో దుమ్ము దులపాలి. ఫ్యాన్ కింద, రెక్కల నడుమ దూదిపింజెలా గడ్డకట్టిన పొర ఉంటుంది. అదే అసలు దొంగ. వంటింటి నూనెపొగ, అగరుబత్తి పొగ తగిలే ఇళ్లలో ఇది జిగటగా మారుతుంది. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని ఊదాలి. వదిలేస్తే బొంగరంలా తిరిగి బేరింగ్ దెబ్బతింటుంది. ఇంట్లోని వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని బోర్డుకు ఆనించవద్దు. తడిగుడ్డ అసలే వద్దు. పల్లె ఇళ్లలో చీమలు, బల్లులు లోపల చేరడమూ మామూలే. వెనక ఖాళీగా ఉన్న సందులను రేకుతో మూయాలి. గాలి పోయే జాలీలను మాత్రం మూయకూడదు.

తర్వాత పెట్టెను గోడకు జానెడు దూరంలో, నేలకు కాస్త ఎత్తులో పెట్టాలి. ముందు ఫ్యాన్ గాలిని లోపలికి లాగాలి, వెనక ఫ్యాన్ బయటికి నెట్టాలి. రెండూ ఒకదానికొకటి ఎదురుగా ఊదుతుంటే లాభం లేదు. సెకండ్‌హ్యాండ్ పెట్టెల్లో వెనక ఫ్యాన్ తిరగేసి బిగించి ఉంటే అదీ సరిచేసుకోవాలి. చాలామందికి ఇక్కడితోనే పని అయిపోతుంది.

పేస్టు.. బియ్యపు గింజంత!

దులిపినా తగ్గకపోతే పేస్టు మార్చాలి. చిన్న ట్యూబు వంద నుంచి మూడు నాలుగు వందల రూపాయల్లో దొరుకుతుంది. ప్రాసెసర్ పైభాగం, దిమ్మె అడుగు నున్నగా కనిపించినా నిజానికి రెంటిలోనూ కంటికి కనబడని గుంటలు ఉంటాయి. వాటిలో గాలి చేరితే వేడి దాటదు. గాలి వేడిని చాలా తక్కువగా మోస్తుంది. మంచి పేస్టు దానికి వంద రెట్లకు పైగా మోస్తుంది. రాగి అంతకన్నా ఎన్నో రెట్లు మోస్తుంది. కాబట్టి పేస్టు పని గుంటలను పూడ్చడమే. మందంగా పూస్తే అదే అడ్డు అవుతుంది. నడుమ బియ్యపు గింజ కన్నా కాస్త పెద్ద బొట్టు చాలు. దిమ్మె నొక్కితే అదే పరుచుకుంటుంది. టూత్‌పేస్టు పూస్తే నాలుగు రోజుల్లో ఎండి మొదటికే మోసం.

ఇంటెల్ కూలర్లలో నాలుగు ప్లాస్టిక్ పిన్నులు ఉంటాయి. వాటి తలమీది బాణం గుర్తు వైపు తిప్పితే వదులవుతాయి. తీశాక పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తటి బట్టతో తుడవాలి. మళ్లీ బిగించేటప్పుడు పిన్నుల తలలను మొదటి స్థితికి తెచ్చి, ఎదురెదురు మూలలను జతగా నొక్కాలి. 'టక్' మని శబ్దం రావాలి. నాలుగూ దిగాయో లేదో ఊపి చూడాలి. ఒక్కటి సగమే దిగినా దిమ్మె ఒక పక్కకు లేస్తుంది. 'కొత్త పేస్టు వేసినా తగ్గలేదు' అనే ఫిర్యాదు వెనక ఈ పిన్నే ఉండటం కద్దు.

ఏఎండీవారి ఏఎం4, అంతకుముందు రకాల్లో ఇంకో చిక్కు. వాటిలో సూదులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్టు జిగురులా పట్టేస్తే దిమ్మెతోపాటు ప్రాసెసరూ ఊడివచ్చి సూదులు వంగుతాయి. కాసేపు నడిపి వెచ్చబరిచి, ఆపి, ప్లగ్గు తీశాక, దిమ్మెను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లేపాలి. ధైర్యం లేకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌కు అప్పగించడమే మంచిది. ఎదురుగా నిలబడి చేయించుకోవచ్చు.

లోపల దొంగ పని

లోపం యంత్రంలో కాకుండా సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండొచ్చు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. ఏ పనీ చేయకపోయినా సీపీయూ 90, 100 శాతం చూపిస్తూనే ఉంటే అనుమానించాలి. విండోస్ అప్‌డేటో, యాంటీవైరస్ తనిఖీయో అయితే కాసేపటికి తగ్గుతుంది. తగ్గకపోతే దొంగ సినిమాలు, దొంగ సాఫ్ట్‌వేర్లతో వచ్చి మన కరెంటుతో క్రిప్టో నాణేలు తవ్వే ప్రోగ్రాము కావచ్చు. దాన్ని తొలగించాలి.

ఎండాకాలం గట్టెక్కడానికి ఒక ఉపాయం ఉంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'మ్యాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్' 100 ఉంటుంది. దాన్ని 99 చేస్తే చాలా ప్రాసెసర్లలో టర్బో వేగం ఆగిపోతుంది. కొంత వేగం తగ్గినా వేడి బాగా దిగుతుంది. దరఖాస్తులు, టైపింగు, పాఠాలకు ఆ తేడా పెద్దగా తెలియదు.

అన్నిటికీ దుమ్మే కారణమని కాదు. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని అవసరానికి మించిన వోల్టేజీ కోరుతున్నాయని ఆ కంపెనీయే 2024 జులైలో ప్రకటించింది. బయోస్ ద్వారా సవరణ ఇచ్చింది. వారంటీని మరో రెండేళ్లు పెంచింది. ఆ రకం ఉన్నవారు బయోస్ కొత్తది వేయించుకోవాలి. ఆగిపోతుంటే బిల్లు వెతికి వారంటీ అడగాలి.

గుర్తుంచుకోండి

* ఏటా మాఘం, ఫాల్గుణంలోనే, ఎండలు ముదరకముందే ఒకసారి పెట్టె దులపాలి. రోడ్డు పక్క ఇళ్లయితే రెండుసార్లు.

* సెకండ్‌హ్యాండ్ యంత్రం కొన్న రోజే పేస్టు మార్పించుకోవాలి. కొనేముందు అరగంట నడిపించి వేడి చూడాలి.

* ఆగిన వెంటనే పదేపదే ఆన్ చేయకండి. అరగంట చల్లారనివ్వండి.

* ఫ్యాన్ గరగర శబ్దం చేస్తే వాయిదా వేయవద్దు. కొత్త ఫ్యాన్ వందల్లో, కొత్త ప్రాసెసర్ వేలల్లో!

* బోర్డు మార్చాలంటే 'వేడి ఎంత చూపించింది, ఫ్యాన్ ఎంత తిరిగింది?' అని మెకానిక్‌ను అడగండి. జవాబు విన్నాకే జేబులో చెయ్యి పెట్టండి.