కంప్యూటరులో వాడుకరి ఫైళ్ళ అమరిక

కంప్యూటరును వాడే వ్యక్తి తయారు చేసుకున్న ఉత్తరాలు, ఫొటోలు, పాటలు, లెక్కల పట్టికలు మొదలైన వాటిని ఆపరేటింగ్ సిస్టం ఒక క్రమపద్ధతిలో భద్రపరచే విధానాన్ని '''వాడుకరి ఫైళ్ళ అమరిక''' అంటారు. ఈ అమరికకు రెండు ముఖ్యోద్దేశాలు ఉన్నాయి. మొదటిది, వాడుకరి ఫైళ్ళను సిస్టం ఫైళ్ళతో కలవకుండా ఉంచడం. రెండవది, ఒకే కంప్యూటరును పలువురు వాడుతున్నపుడు ఒకరి ఫైళ్ళను మరొకరు చూడకుండా, చెరపకుండా కాపాడడం. 1960ల నుండి ఈ అమరిక పలుమార్లు మారింది. తెరపై కనిపించే ఫోల్డరు పేరు, డిస్కులో ఫైలు నిజంగా ఉన్న చోటు ఒకటే అన్న నియమం ఈ మార్పులలో క్రమంగా సడలిపోయింది.

== తొలి దశ ==

ఒక ఫోల్డరులో మరొక ఫోల్డరును ఉంచే చెట్టు వంటి అమరికకు మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ప్రసిద్ధమైన తొలి ఉదాహరణ. దీనిని వివరిస్తూ ఆర్.సి.డేలీ, పి.జి.న్యూమన్ 1965లో ఒక పత్రాన్ని సమర్పించారు. మల్టిక్స్ ప్రభావంతో రూపొందిన యూనిక్స్‌లో ప్రతి వాడుకరికీ ఒక సొంత ఫోల్డరు ఉంటుంది. దీనికి '''హోమ్ డైరెక్టరీ''' అని పేరు. తొలినాళ్ళ యూనిక్స్‌లో ఇవి "యుఎస్ఆర్" అనే ఫోల్డరులో ఉండేవి. కాలక్రమంలో ప్రోగ్రాములు కూడా అందులోకి చేరాయి. నేటి లినక్స్‌లో వాడుకరుల ఫోల్డర్లు సాధారణంగా "హోమ్" అనే ఫోల్డరులో ఉంటాయి. "యుఎస్ఆర్" మాత్రం ప్రోగ్రాములకే మిగిలింది.

వ్యక్తిగత కంప్యూటర్లలో ఈ సౌకర్యం ఆలస్యంగా వచ్చింది. 1981లో విడుదలైన ఎమ్మెస్-డాస్ మొదటి వెర్షనులో ఫోల్డర్లు లేవు. 160 కిలోబైట్ల ఫ్లాపీలో గరిష్ఠంగా 64 ఫైళ్ళు ఒకే జాబితాలో ఉండేవి. 1983లో 10 మెగాబైట్ల హార్డుడిస్కుతో ఐబిఎం పిసి ఎక్స్‌టి వచ్చినపుడు, దానితో పాటు వచ్చిన 2.0 వెర్షనులో ఫోల్డర్లను ప్రవేశపెట్టారు. అయితే వాడుకరికి ప్రత్యేకమైన చోటు అంటూ ఏదీ లేనందున, చాలామంది తమ ఫైళ్ళను ప్రోగ్రాములున్న ఫోల్డర్లలోనే దాచుకునేవారు.

== విండోస్‌లో మార్పులు ==

విండోస్ 98లో "మై డాక్యుమెంట్స్" అనే ఫోల్డరు డెస్క్‌టాప్ మీద కనిపించేది. మామూలుగా ఇది సి డ్రైవులో నేరుగా ఉండేది. కుటుంబంలో నలుగురు అదే కంప్యూటరును వాడితే నలుగురి ఫైళ్ళూ అక్కడికే చేరేవి. ఆ కాలపు ఫ్యాట్ ఫైల్ సిస్టంలో ఎవరు ఏ ఫైలును చూడవచ్చునో నిర్ణయించే అనుమతుల వ్యవస్థ లేదు.

2000లో వచ్చిన విండోస్ 2000, 2001లో వచ్చిన ఎక్స్‌పీలలో ప్రతి వాడుకరి ఖాతాకు "డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్" అనే ఫోల్డరులో వేరే చోటు ఏర్పడింది. ఎన్‌టీఎఫ్ఎస్ ఫైల్ సిస్టం వాడినపుడు అనుమతుల రక్షణ కూడా లభించేది. అయితే ఈ పేరు డ్రైవు అక్షరంతో కలిపి ఆంగ్లంలో 25 అక్షరాలు ఉంటుంది. విండోస్‌లోని చాలా ప్రోగ్రాములు ఫైలు పూర్తి చిరునామాకు 260 అక్షరాల పరిమితిని పాటించేవి. ఒకదానిలో ఒకటిగా చాలా ఫోల్డర్లున్నపుడు ఈ హద్దు దాటేది. పేరులోని ఖాళీల వల్ల కూడా కొన్ని ప్రోగ్రాములు తడబడేవి.

2007లో సామాన్య ప్రజలకు విడుదలైన విండోస్ విస్టాలో ఈ ఫోల్డరు పేరును "యూజర్స్" అని కుదించారు. డ్రైవు అక్షరంతో కలిపి ఇది 8 అక్షరాలే. అంతవరకు మై డాక్యుమెంట్స్ లోపల ఉన్న సంగీతం, చిత్రాల ఫోల్డర్లను బయటకు తెచ్చి దాని పక్కనే ఉంచారు. "డౌన్‌లోడ్స్" అనే కొత్త ఫోల్డరును చేర్చారు. పాత ప్రోగ్రాములు ఆగిపోకుండా పాత పేరుతో ఒక దారిమళ్ళింపును ఉంచారు. దానిని తెరవబోయిన వాడుకరికి అనుమతి లేదన్న సందేశం వస్తుంది. అది నిజమైన ఫోల్డరు కాదు కాబట్టి ఫైళ్ళు పోయాయని కంగారు పడనవసరం లేదు.

2009లో వచ్చిన విండోస్ 7 '''లైబ్రరీలను''' పరిచయం చేసింది. లైబ్రరీ అంటే వేర్వేరు చోట్ల ఉన్న ఫోల్డర్లను ఒకేచోట చూపే జాబితా. లైబ్రరీ నుండి ఒక ఫోల్డరును తప్పిస్తే ఆ ఫోల్డరు డిస్కులో అలాగే ఉంటుంది. కానీ లైబ్రరీలో కనిపించే ఫైలును చెరిపితే అసలు ఫైలే పోతుంది. ఈ తేడా చాలామందిని తికమక పెట్టింది. 2013లో వచ్చిన విండోస్ 8.1లో లైబ్రరీలు మొదటి నుంచీ కనిపించకుండా చేశారు. కావాలనుకున్నవారు వాటిని తిరిగి తెప్పించుకోవచ్చును.

== చోటుకు బదులు వెతుకులాట ==

ఫైలు ఎక్కడుందో గుర్తుంచుకొనే పని వాడుకరికి ఉండరాదన్నది మరొక ఆలోచన. 2005లో ఆపిల్ మాక్ ఓఎస్ టెన్ 10.4లో స్పాట్‌లైట్ అనే వెతుకు సాధనాన్ని చేర్చింది. ఇది ఫైలు పేరునే కాక అందులోని విషయాన్ని కూడా వెతుకుతుంది. ఫైళ్ళను డేటాబేసు వలె అమర్చాలని మైక్రోసాఫ్ట్ తలపెట్టిన విన్ఎఫ్ఎస్‌ను 2004లో విస్టా నుండి తొలగించారు. 2006లో ఆ ప్రయత్నాన్నే విరమించారు.

== తెలుగు పేర్లు ==

డాస్‌లో ఫైలు పేరుకు 8, దాని పొడిగింపుకు 3 అక్షరాల వరకే వీలుండేది. 1995లో వచ్చిన విండోస్ 95 పేరును 255 అక్షరాల వరకు అనుమతించింది. పేర్లను యూనికోడ్‌లో నిల్వ చేసే ఫైల్ సిస్టంలు వచ్చాక ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెట్టడం సాధ్యమైంది. లినక్స్‌లో తరచుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టంలో పరిమితి 255 బైట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. అందుచేత పేరులో 85 సంకేతాలకే చోటుంటుంది. గుణింతపు గుర్తు, పొల్లు కూడా విడి సంకేతాలే. "స్త్రీ" అనే ఒక్క అక్షరానికి 6 సంకేతాలు, అంటే 18 బైట్లు ఖర్చవుతాయి.

== మొబైళ్ళు, క్లౌడ్ ==

2007లో వచ్చిన ఐఫోనులో వాడుకరి ఫైళ్ళను చూపే ప్రోగ్రాము లేదు. ప్రతి యాప్ తన ఫైళ్ళను తనలోనే దాచుకొనేది. పదేళ్ళ తర్వాత, 2017లో "ఫైల్స్" అనే యాప్ వచ్చింది. ఆండ్రాయిడ్‌లో దీనికి ఎదురు దిశలో మార్పు జరిగింది. ఒక యాప్ ఇతర ఫైళ్ళన్నిటినీ చూడకుండా 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుండి కట్టుదిట్టాలు మొదలయ్యాయి.

కంప్యూటర్లలో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లను క్లౌడ్‌తో జోడించే సౌకర్యం ఆపిల్ వారి మాక్ ఓఎస్ సియెర్రాలో 2016లో వచ్చింది. విండోస్‌లో వన్‌డ్రైవ్ ఇదే పని చేస్తుంది. దీనిని ఎంచుకుంటే డాక్యుమెంట్స్ ఫోల్డరు వన్‌డ్రైవ్ ఫోల్డరు లోపలికి మారుతుంది. తెరపై కనిపించే కొన్ని ఫైళ్ళు డిస్కులో ఉండకపోవచ్చు. అవి ఇంటర్నెట్ ఉన్నపుడే దిగుమతి అవుతాయి.

== వాడుకరులు గమనించవలసినవి ==

* సి డ్రైవును ఫార్మాట్ చేస్తే అందులోని వాడుకరి ఫోల్డర్లన్నీ పోతాయి. డాక్యుమెంట్స్ మాత్రమే కాక డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్ కూడా సాధారణంగా అక్కడే ఉంటాయి.
* డాక్యుమెంట్స్ ఫోల్డరును మరొక డ్రైవుకు మార్చుకోవచ్చును. అయితే రెండు డ్రైవులూ ఒకే హార్డుడిస్కులోని భాగాలైతే డిస్కు చెడినపుడు ఈ మార్పు వల్ల రక్షణ ఉండదు.
* క్లౌడ్‌తో జోడించిన ఫైలును ఒక పరికరంలో చెరిపితే మిగిలిన పరికరాలలోనూ పోతుంది. కనుక క్లౌడ్ జోడింపు వేరు, విడి నకలు వేరు. ముఖ్యమైన ఫైళ్ళకు వేరొక డిస్కులో నకలు ఉంచుకోవడం మంచిది.

== ఇవి కూడా చూడండి ==

* ఆపరేటింగ్ సిస్టం
* ఫైల్ సిస్టం
* యూనిక్స్
* యూనికోడ్