కథలకు కొదవలేదు, తెరకే కరవు

సింగరేణి బొగ్గు గనులను ఆనుకుని పెరిగిన నస్పూర్, శ్రీరాంపూర్, గోదావరిఖనితో పాటు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలన్నీ తెలుగు సినిమా వ్యాపారంలో ‘నైజాం’ అనే ఏరియా కిందికి వస్తాయి. నిర్మాత తన చిత్రాన్ని ప్రాంతాలవారీగా పంపిణీదారులకు అమ్ముకునే పద్ధతిలో ఏర్పడిన ఈ పేరు, నిజాం పాలన పోయి డెబ్భై ఏళ్లు దాటినా చెక్కుచెదరలేదు. టికెట్లు తెగే చోటుగా తప్ప, సినిమా పుట్టే చోటుగా ఈ నేలను పరిశ్రమ చాలాకాలం గుర్తించలేదు.

తెలుగు సినిమా మద్రాసులో, ప్రధానంగా కోస్తా పెట్టుబడితో ఎదగడం వల్ల అక్కడి భాషే తెరభాషగా స్థిరపడి, తెలంగాణ యాస హాస్యగాళ్లకూ ప్రతినాయకులకూ మిగిలింది. అలాగని ఈ నేలలో ప్రతిభకు కొదవ లేదు: 1909లో కరీంనగర్‌లో పుట్టిన పైడి జైరాజ్ బొంబాయికి వెళ్లి మూకీల కాలంలోనే కథానాయకుడై, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు.

సొంత గొంతు కోసం గట్టి ప్రయత్నం, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా, గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన ‘మాభూమి’తో మొదలైంది. 1988లో నర్సింగరావు స్వయంగా తీసిన ‘దాసి’, గడిలో, అంటే దొర నివాసమైన కోటలాంటి భవనంలో, మగ్గిపోయే ఆడబాపల (దొర ఇంటి దాసీల) బతుకును చూపి ఐదు జాతీయ పురస్కారాలు గెలుచుకోగా, వాటిలో కళాదర్శకత్వానిది కరీంనగర్ జిల్లా బూరుగుపల్లికి చెందిన చిత్రకారుడు వైకుంఠానికి దక్కింది.

పురస్కారాలు వచ్చినంత సులువుగా థియేటర్లు రాలేదు. ఆదిలాబాద్ గోండు వీరుడి జీవితంపై అల్లాణి శ్రీధర్ 1990లో తీసిన ‘కొమరం భీమ్’ ప్రేక్షకుల ముందుకు రావడానికి 2010 దాకా ఆగవలసి వచ్చింది. పంపిణీదారు ముందుకు రాకపోతే చిన్న నిర్మాత హాలు అద్దె, ప్రచారం ఖర్చు తానే భరించాలి. అదే వారం పెద్ద హీరో చిత్రం దిగితే ఆ హాలు కూడా చేజారుతుంది. ఒక ప్రాంతపు చరిత్ర ఇరవై ఏళ్లపాటు డబ్బాల్లో మూలగడం కళాకారుల లోపం కాదు, హాళ్లు ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న.

సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి 2023లో తీసిన ‘బలగం’ ఆ ప్రశ్నకు ఒక జవాబు చూపింది. చనిపోయిన మనిషి పేర పెట్టిన ముద్దను పిట్ట ముట్టకపోతే ఇంటిల్లిపాది పడే ఆవేదన చుట్టూ అల్లిన ఈ కథను ఊళ్లకు ఊళ్లు తెర కట్టుకుని కలిసి చూశాయి. అయితే దాని వెనుక బలమైన పంపిణీ వ్యవస్థ గల నిర్మాత దిల్ రాజు కుటుంబ సంస్థ నిలిచిందన్నది మరువరాదు. ఆ అండ లేనివారు మరో దారి వెతికారు: జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో పుట్టిన ‘మై విలేజ్ షో’ థియేటర్‌తో పని లేకుండా, యూట్యూబ్ ద్వారానే తన నటి గంగవ్వను లక్షల ఇళ్లకు చేర్చింది.

హాళ్ల కొరతకు ప్రభుత్వం చూపగల దారీ ఒకటుంది. కేరళ 1975లోనే ప్రభుత్వ చలనచిత్ర అభివృద్ధి సంస్థను నెలకొల్పి, సొంత థియేటర్లు నడుపుతూ, మహిళా దర్శకుల చిత్రాలకూ దళిత, గిరిజన దర్శకుల చిత్రాలకూ పెట్టుబడి పెడుతోంది. ప్రజాగాయకుడు గద్దర్ పేరిట సినీ పురస్కారాలు ఇస్తున్న తెలంగాణ ప్రభుత్వం ఆ బాటలో నడిచి, నస్పూర్ వంటి కార్మిక పట్టణాల్లో తక్కువ అద్దెకు దొరికే చిన్న హాళ్లు కట్టించాలి. వాటిలో ఏటా కొన్ని వారాలను స్థానిక చిత్రాలకే కేటాయించాలి.