ఢిల్లీ లేఖ: తాన్‌సేన్ సమాధి చెంత

హైదరాబాదు నుంచి గాని, విశాఖపట్నం నుంచి గాని రైలులో దేశ రాజధానికి వచ్చే తెలుగువారికి గ్వాలియర్ కోట కొత్త కాదు. ప్రయాణం చివరి అంకానికి వచ్చిందనడానికి అది గుర్తు. ఇంకా చంబల్ లోయలు దాటాలి, ఆగ్రా రావాలి. అయినా దుప్పట్లు మడవడం, పెట్టెలు సర్దడం అక్కడి నుంచే మొదలవుతుంది. పాతికేళ్లుగా నేనూ ఆ కోటను రైలు కిటికీలో నుంచే చూస్తూ వచ్చాను. ఆ స్టేషనులో టీ తాగానే తప్ప ఎన్నడూ దిగలేదు. పోయిన 2024 డిసెంబరులో మొదటిసారి దిగాను. దిగడానికి కారణం రాజకీయం కాదు. కాని పూర్తిగా రాజకీయేతరం అని కూడా చెప్పలేను.

రాజ్యాంగానికి 75 సంవత్సరాలు నిండిన సందర్భంగా ఆ డిసెంబరు 13, 14 తేదీలలో లోక్‌సభలో ప్రత్యేక చర్చ జరిగింది. పత్రికా గ్యాలరీలో కూర్చుని రెండు రోజులూ విన్నాను. అలాంటి చర్చలలో సంస్కృతి, వారసత్వం, సమైక్యత అనే మాటలకు కొరత ఉండదు. వాటి అర్థాలు మాత్రం బెంచీకో తీరుగా మారుతుంటాయి. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం పౌరుల విధులను చెబుతూ, మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి పరిరక్షించడం ప్రతి పౌరుని కర్తవ్యమని నిర్దేశించింది. 1976లో 42వ సవరణ ద్వారా చేరిన వాక్యం అది. ఎన్నో వార్తలలో ఆ మాటను రాసిన నాకు, అది కంటికి ఎలా కనిపిస్తుందో, చెవికి ఎలా వినిపిస్తుందో తెలియదన్న సంగతి ఆ రాత్రి తోచింది. మరునాడే గ్వాలియర్‌లో తాన్‌సేన్ సంగీతోత్సవం ప్రారంభం. అది నూరవ ఉత్సవం. రాత్రి రైలెక్కాను.

పాఠకులకు ముందే ఒక మాట చెప్పాలి. నాకు సంగీత జ్ఞానం స్వల్పం. రాజకీయ సభలకు వెళ్లినన్ని సార్లలో పదో వంతు కూడా కచేరీలకు వెళ్లలేదు. రోజుల తరబడి సాగే సంగీతోత్సవానికి వెళ్లడం ఇదే ప్రథమం.

గ్వాలియర్‌లో హజీరా అనే పేటలో ఆ ప్రాంగణం ఉంది. మధ్యలో సూఫీ గురువు మహమ్మద్ గౌస్ సమాధి భవనం. చుట్టూ రాతిని లేసులా చెక్కిన జాలీలు. బాబరు సేనలు 1526లో ఈ కోటను వశపరచుకోవడానికి తోడ్పడినవాడని చరిత్ర చెప్పే వ్యక్తి ఆయన. యోగ విద్యకు సంబంధించిన ‘అమృతకుండం’ను పారశీక భాషలోకి తెచ్చినవాడూ ఆయనే. ఆ భవనం పక్కన, స్తంభాలతో నిలిచిన చిన్న తెరపి మండపం కింద తాన్‌సేన్ సమాధి. పెద్దల ఇంటి వాకిట్లో పిల్లవాడు చాప వేసుకుని పడుకున్నట్టు ఉంది. అక్బరు సభలో నవరత్నాలలో ఒకడుగా చెప్పుకునే మనిషికి అంత నిరాడంబరమైన చోటు ఉంటుందని నేననుకోలేదు.

పక్కనే చింతచెట్టు. దాని ఆకు నమిలితే గొంతు తేనె అవుతుందని గాయకుల నమ్మకం. జనం ఆకులతో ఆగక బెరడు, వేళ్లు సైతం పీకడంతో అసలు చెట్టు ఏనాడో పోయిందనీ, ఇది దాని తరువాతి తరమనీ అక్కడివారు చెప్పారు. ఎందుకైనా మంచిదని నేనూ ఒక ఆకు నమిలాను. పుల్లగా ఉంది. పచ్చడికి పనికివచ్చే ఆకే గాని, నా గొంతులో మార్పేమీ కలగలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఉదయం సమాధి వద్ద ఉత్సవారంభం జరిగిన తీరు చూసి నిశ్చేష్టుడనయ్యాను. మొదట షెహనాయి. తరువాత హరికథ. ఆ తరువాత మీలాద్. అనంతరం సమాధిపై చాదర్ సమర్పణ. ఇది ప్రభుత్వం వారు జాతీయ సమైక్యతా వారోత్సవానికి కూర్చిన కార్యక్రమం కాదు. 1924లో సింధియాల ఏలుబడిలో ఉర్సుగా మొదలైన నాటి నుంచి వస్తున్న ఆచారం. సమాధి వద్ద హరికథ ఏమిటని అడిగినవారు గాని, హరికథ తరువాత మీలాద్ ఏమిటని ముఖం చిట్లించినవారు గాని నాకు కనిపించలేదు. రెండింటినీ ఆ గుంపే విన్నది.

హరికథ అనగానే తెలుగువాడి మనస్సు విజయనగరం వెళ్లక మానదు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పారశీకం నేర్చి, ఉమర్ ఖయ్యాం రుబాయీలను సంస్కృతంలోకీ, అచ్చ తెలుగులోకీ తెచ్చిన సంగతి మనలో ఎందరికి జ్ఞాపకం? ఇక్కడ ఒక సూఫీ యోగశాస్త్రాన్ని పారశీకంలోకి తీసుకుపోతే, అక్కడ ఒక హరిదాసు పారశీక కవిత్వాన్ని తెలుగులోకి తెచ్చాడు. భాతఖండే తోడ్పాటుతో గ్వాలియర్‌లో సంగీత విద్యాలయం వెలసినది 1918లో. నారాయణదాసు తొలి అధ్యక్షుడుగా విజయనగరంలో సంగీత కళాశాల వెలసినది 1919లో. ఈ రెండు ఊళ్లూ ఒకదాని నొకటి ఎరగకుండా ఒకే ఆలోచన చేశాయి.

సాయంత్రం సభకు పెద్ద పందిరి. టిక్కెట్టు లేదు. చలి మాత్రం పుష్కలం. గజక్ అనే నువ్వుల మిఠాయి పొట్లం కొనుక్కుని ముందు వరుసల వెనక చోటు చూసుకున్నాను. అది మన నువ్వుల జీడీకి దగ్గరి చుట్టమే. పక్కనున్న వృద్ధుడు రైల్వేలో పనిచేసి విరమించినవాడు. చిన్ననాడు తండ్రి భుజం మీద కూర్చుని మొదటిసారి వచ్చాడట. నాది ఏ ఊరని అడిగి, చెప్పేలోగా తానే మద్రాసని నిర్ణయించాడు. మదరాసుకూ మాకూ 1953లోనే విడాకులయ్యాయని వివరించవలసి వచ్చింది.

ద్రుపద గానం మొదలైంది. పదిహేనవ శతాబ్దాంతంలో గ్వాలియర్‌ను ఏలిన రాజా మాన్‌సింగ్ తోమర్ ఆదరించి పెంచిన బాణీ ఇది. గాయకుడు సాహిత్యం జోలికి పోకుండా నోం, తోం వంటి అక్షరాలతో ఒక్కొక్క స్వరాన్నే మెల్లగా నిలబెడుతూ పోయాడు. పావుగంట గడిచింది. పఖవాజ్ వాయించేవాడు చేతులు కట్టుకునే కూర్చున్నాడు. దాచడమెందుకు, నేను గడియారం చూసుకున్నాను. ఉపన్యాసకుడు విషయానికి ఎప్పుడు వస్తాడా అని ఎదురుచూడటం నా వృత్తి నేర్పిన అలవాటు. అది గమనించిన వృద్ధుడు నా చెయ్యి తట్టి, సూర్యోదయం చూసేందుకు వెళ్లినవాడు సూర్యుణ్ణి తొందరపెడతాడా అన్నట్టు ఏదో అన్నాడు. ఆపైన గడియారం చూడలేదు. పఖవాజ్ మొదటి దెబ్బ పడిన క్షణంలో పందిరంతా ఒక్కసారి ఊపిరి తీసుకున్నట్టయింది. నేనూ తీసుకున్నాను.

మరునాడు ఉదయం సభ. గాయకుడు భైరవ్ రాగం ఎత్తుకున్నాడు. రెండు నిమిషాలలో నాకు ఒళ్లు జలదరించింది. ఆ స్వరాలు నాకు తెలుసు. చిన్ననాడు మా ఇంటి వసారాలో మా అక్క తెల్లవారుజామున సాధన చేసిన సరళీ స్వరాలవి. మనం మాయామాళవగౌళ అంటాం, వీరు భైరవ్ అంటారు. నడక వేరు, అలంకారం వేరు, మెట్లు మాత్రం అవే. పెళ్లయ్యాక అక్క పాడలేదు. ఎందుకు పాడలేదని మేమెవరమూ అడగలేదు. ఇంటికి వెయ్యి మైళ్ల దూరాన, పేరైనా తెలియని గాయకుడి ముందు కూర్చుని ఆ ప్రశ్న నన్ను నేను వేసుకున్నాను.

ఆ ఉదయమే మరొక వార్త పందిట్లో పాకింది. ఉస్తాద్ జాకిర్ హుస్సేన్ అమెరికాలో కన్నుమూశారని. ముందునాటి రాత్రి నుంచే వదంతులు, ఇప్పుడు ధ్రువపడింది. ఒక్కొక్కరే చేతిలోని ఫోను చూసుకుని, పక్కవారికి చూపి, తల వంచుకుంటున్నారు. వార్త రాయడం తప్ప వార్తను అనుభవించడం ఎరగని నాకు అదొక పాఠం. జాకిర్ తండ్రి అల్లారఖా జమ్మూ ప్రాంతం వాడు. నేర్చినది పంజాబు బాణీ. ఆ బాణీ గురుపీఠం లాహోరు. కొడుకు పుట్టినది 1951లో, బొంబాయిలో. 1947లో గీచిన గీత ఆ తబలా గుండా పోలేదు.

గ్వాలియర్ బాణీ చరిత్ర అయినా అంతే. హస్సూ ఖాన్, హద్దూ ఖాన్ సోదరుల ఖయాల్ గానాన్ని మహారాష్ట్రకు తీసుకుపోయినవాడు బాలకృష్ణబువా ఇచల్‌కరంజీకర్. ఆయన శిష్యుడు విష్ణు దిగంబర్ పలుస్కర్ 1901లో గాంధర్వ మహావిద్యాలయాన్ని స్థాపించినది లాహోరులో. ముస్లిం ఉస్తాదుల విద్య మరాఠీ బ్రాహ్మణుల కంఠాలలో ప్రయాణించి, నేడు పాకిస్థానులో ఉన్న నగరంలో పాఠశాల అయింది. ఈ దారిలో ఏ మలుపు వద్ద ఎవరి పేరు చెరిపినా, విద్యే తెగిపోతుంది.

చెరిపే ప్రయత్నాలు లేవా? ఉన్నాయి. ఈ ఉత్సవాన్ని నిర్వహించే మధ్యప్రదేశ్ ప్రభుత్వ అకాడమీ పేరు ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్‌ది. నేటి బంగ్లాదేశ్‌లోని బ్రాహ్మణబారియా ప్రాంతంలో పుట్టి, మైహర్ సంస్థానంలో స్థిరపడి, అక్కడి శారదాదేవిని కొలిచిన ముస్లిం ఆయన. ఆయన జన్మప్రాంతంలో ఆయన పేరిట ఉన్న సంగీతాలయాన్ని మూకలు 2016లో ఒకసారి, 2021లో మరొకసారి తగులబెట్టాయి. అక్కడి మూకలకు ఆయన చాలినంత ముస్లిం కాడు. ఇక్కడ తాన్‌సేన్ పుట్టుకలో ఎవరు, చావులో ఎవరు అని వాదించేవారూ తక్కువ కాదు. సమాధి ఉంది గనుక మావాడంటారు కొందరు; స్వామి హరిదాసు శిష్యుడంటారు గనుక మావాడంటారు మరికొందరు. ఇద్దరూ తమకు నచ్చని సగాన్ని కోసిపారేయడానికి సిద్ధం.

అయితే సమ్మిశ్ర సంస్కృతి పేరు చెప్పి మనం మరీ మురిసిపోనక్కరలేదు. గ్వాలియర్ ఉర్సు మొదలైన మరుసటి ఏడే, 1925లో, తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధికి బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో ఆలయం కట్టించింది. గుడి కట్టించిన ఆమెకే ఆరాధనలో పాడే హక్కు లేకపోయింది. దేవదాసి కులంలో పుట్టిన స్త్రీ అన్నదే కారణం. ఆమె స్త్రీలను కూడగట్టి వేరుగా ఆరాధన జరిపింది. వర్గాలు కలిసే సరికి 1940 దాటింది. మతాల గోడలు లేనిచోట కూడా కులానికీ, స్త్రీకీ గోడలుంటాయి. సంగీతం వాటిని తనంత తాను కూల్చదు. ఎవరో ఒకరు పూనుకోవాలి.

ప్రభుత్వ పోషణ గురించి కూడా ఒక మాట. గ్వాలియర్‌కు 2023లో యునెస్కో సంగీత నగరమన్న గుర్తింపు లభించింది. శతోత్సవ సందర్భంగా కోట మీద ఐదు వందలకు పైగా వాద్యకారులు ఏకకాలంలో వాయించి ప్రపంచ రికార్డు నెలకొల్పారు. సంతోషమే. కాని రికార్డుకు కావలసినది సంఖ్య; బాణీకి కావలసినది ఒక గురువు, ఒక శిష్యుడు, పదేళ్ల ఓపిక. సంఖ్యను ప్రభుత్వాలు ఒక సాయంత్రంలో సమకూర్చగలవు. ఆ పదేళ్ల తిండి ఎవరు పెడతారన్నదే ప్రశ్న. సంస్థానాలు పోయాయి, ఆ బాధ్యత మన ఓటుతో ఏర్పడే ప్రభుత్వాలది. ఎన్నికల సభలలో ఈ ప్రశ్న వేసిన ఓటరును నేనింతవరకు చూడలేదు. వేసిన విలేకరినీ చూడలేదు. నన్ను కలుపుకునే చెబుతున్నాను.

పదిహేడవ తేదీన తిరిగి రైలెక్కాను. ఆ రోజు లోక్‌సభలో జమిలి ఎన్నికల బిల్లు, రాజ్యసభలో రాజ్యాంగంపై చర్చ, వృత్తిధర్మం పిలిచింది. రైలులో అబుల్ ఫజల్ రాసిన ఒక ముచ్చట జ్ఞాపకం వచ్చింది. 1589లో తాన్‌సేన్ మరణించినప్పుడు, గాయకులూ వాద్యకారులూ అందరూ పెళ్లి ఊరేగింపులో వలె పాడుతూ వెంట నడవాలని అక్బరు ఆజ్ఞాపించాడట. ఆ వెంట నడిచినవారిలో ఎవరిది ఏ మతమో ఆయన లెక్క రాయలేదు.

డిసెంబరులో ఢిల్లీ వచ్చే తెలుగువారికి నా మనవి ఒక్కటే. గ్వాలియర్‌లో ఒక్క రాత్రి దిగండి. ప్రవేశం ఉచితం, దళసరి కంబళి మాత్రం మీదే తెచ్చుకోవాలి. ఢిల్లీ చేరిన సాయంత్రం నేను అక్కకు ఫోను చేశాను. ఆ సరళీ స్వరాలు జ్ఞాపకమున్నాయా అని అడిగాను. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, గొంతు పోయిందిరా అంటూనే, మొదటి వరుస పాడింది.