చిన్న చేపకు చాలిన రీలు

గాలం వేసుకొని గట్టున కూర్చున్నవాణ్ణి చూచి పనిలేనివాడని నవ్వటం లోకానికి అలవాటు. కాని ఈ వినోదానికి ఒకప్పుడు రాజగౌరవం వుండేది. కల్యాణ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదానికి ప్రత్యేకంగా ఒక ప్రకరణమే వున్నది. ఆ శతాబ్దం ముగిసేలోపలే, సుమారు 1195లో, చైనా చిత్రకారుడు మా యువాన్ చలికాలపు సరస్సు మీద ఒంటరిగా పడవలో కూర్చుని గాలం వేస్తున్న మనిషిని చిత్రించాడు. ఆ మనిషి చేతి కర్రకు చిన్న రీలు వున్నది. రీలుకు మనకు దొరికిన మొదటి చిత్రం అదేనంటారు.

నా బాల్యమంతా గోదావరి కాలువ గట్ల మీద వెదురు గెడతోనే గడిచిపోయింది. గెడ, తంగూసు, బెండు, వానపాము — అంతకుమించి సామగ్రి ఎరగము. ఉద్యోగ విరమణ తరువాత రీలు మీద మనసు పుట్టింది. పట్నంలో ఒక అంగడికి పోయాను. పది బేరింగులున్నవని గొప్పగా చెప్పి, తళతళలాడే పెద్ద రీలొకటి చేతిలో పెట్టారు. మారుమాట లేకుండా కొన్నాను. మొదటి వారమే అరకిలోకు మించని కొర్రమీను ఒకటి ఎర అందుకొని పరుగు తీసింది. రీలు తంగూసు వదలక బిగుసుకొని, మరుక్షణం ఒక్క కుదుపుతో వదిలింది. తంగూసు తెగింది. పోయిన డబ్బుకు విచారించలేదు. ఆ చేప నోట నా గాలం మిగిలిపోయినదే అన్న బాధ మాత్రం చాలా దినాలు వదలలేదు. ఈ నాలుగు మాటలూ వ్రాయటానికి కారణం అదే.

మొదట, అసలు రీలు కావలెనా అని ప్రశ్నించుకోవలె. చేపలు గట్టు నుండి రెండు మూడు బారల దూరంలోనే మసలుతుంటే వెదురు గెడను మించినది లేదు. తేలికైన ఎరను దూరానికి విసరవలసినప్పుడే రీలు అవసరం.

అందుకు తగినది స్పిన్నింగు రీలు. దాని కిటుకు మన నేతగాండ్రకు కొత్త కాదు. నాడెలోని కండె తాను తిరగదు. పోగు కొస మీదుగా జారి వస్తుంది. ఇంగ్లండులో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన ఉన్ని మిల్లుల యజమాని ఆల్ఫ్రెడ్ ఇల్లింగ్‌వర్త్ ఈ సూత్రం మీదనే తన రీలుకు 1905లో పేటెంటు పొందాడు. మిల్లులో కండెల నుండి దారం జారే తీరు చూచే అతనికి ఆ ఆలోచన తట్టిందని చెబుతారు. కండెను తిప్పవలసిన భారం లేదు గనుక చిన్న సీసపు గుండు కూడా తంగూసును దూరానికి లాక్కొనిపోగలదు. చిన్న చేపల వేటగానికి కావలసినది సరిగా ఇదే.

రీళ్ల మీద 500, 1000, 2000 అనే అంకెలుంటవి. అవి పరిమాణానికి గుర్తులు. ఒక కంపెనీ లెక్క మరొక కంపెనీ లెక్కతో సరిపోదు. జెల్లలకూ, పరిగెలకూ 1000 గాని 2000 గాని చాలును. మరీ చిన్న కండెకు చుట్టిన తంగూసు ముంగురులు తిరిగి చిక్కుపడుతుంది. రెండు కిలోల బరువు ఓర్చే తంగూసు వాడితే సరి. దాని మందం మిల్లీమీటరులో సుమారు అయిదవ వంతు.

ఇక పరీక్ష. అన్నిటికంటె ముఖ్యం డ్రాగు, అనగా చేప లాగినప్పుడు తంగూసును కొలతగా వదిలే బిగింపు. అంగట్లోనే దాన్ని కొద్దిగా బిగించి, తంగూసు కొస పట్టుకొని నెమ్మదిగా లాగండి. మొదటి అంగుళం కుదుపు లేకుండా కదలవలె. చిన్న చేపకు వాడే తంగూసు సన్ననిది. అది తెగేది ఆ మొదటి అంగుళంలోనే. తరువాత పిడిని మెల్లగా త్రిప్పి, లోపల ఇసుక నలిగినట్లు గరగర వున్నదేమో వినండి. తంగూసును నడిపించే చిన్న కప్పీ వ్రేలితో త్రిప్పితే తిరగవలె. కండె అంచు మీద గోరు నడిపి చూడండి. ఎక్కడ గోరు తగులుతుందో అక్కడ తంగూసు కూడా చిరుగుతుంది.

బేరింగుల సంఖ్య చూచి మోసపోవద్దు. నాసిరకం పదింటి కంటె మేలైనవి మూడు నయం. అధిక వేగమూ అక్కరలేదు. పిడి ఒకసారి త్రిప్పితే తంగూసు అయిదు చుట్లు చుట్టుకొంటే చాలును. తేలికైన ప్లాస్టిక్ మిశ్రమంతో చేసిన ఒడలు చిన్న చేపలకు చాలును, పైగా తుప్పు పట్టదు. పేరు తెలియని ఆర్భాటపు రీలు కంటె, షిమానో, దైవా వంటి సంస్థల చౌక రకం మీదనే నాకు నమ్మకం.

చౌక రీలు మన్నటం వాడేవాని చేతిలో వున్నది. కండె అంచుకు రెండు మిల్లీమీటర్లు తక్కువగా తంగూసు నింపండి. డ్రాగును తంగూసు బలంలో నాలుగవ వంతుకు మించి బిగించవద్దు. చేప లాక్కొనిపోతున్నప్పుడు పిడి త్రిప్పితే తంగూసు మెలిపడటమే గాని చేప దగ్గరకు రాదు. విసరిన తరువాత తీగె కమానును చేతితోనే మూయండి. సముద్రపు నీట వాడిన దినం మంచినీటితో పైపైన కడిగి ఆరబెట్టండి. ఇంటికి రాగానే డ్రాగును వదులు చేయండి.

ఈ లెక్కలన్నీ చూచుకొని, మొదటి రీలు వెలలో సగానికే రెండవది కొన్నాను. మొన్న మా మనుమడు దానితో జానెడు జెల్లనొకదాన్ని పట్టాడు. అది లాగినప్పుడల్లా రీలు సన్నగా పాడుతూ తంగూసు వదిలింది. పిల్లవాడు కంగారుపడి బిగించబోతే, "దాన్ని పోనీరా, అదే అలసి వస్తుంది" అన్నాను. వచ్చింది. ముల్లు గుచ్చుకోకుండా వాడు దాన్ని తడిగుడ్డతో పట్టుకొని, గాలం తీసి, కాలువలో వదిలాడు. నోట ఇనుపముక్క లేకుండా అది నీటిలోకి వెళ్లిపోయింది.