గది మారినంతనే మాట తెగుటేల?

2011లో కేంద్ర ప్రభుత్వము ఆమోదించిన జాతీయ ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్ పథకము 2015 నుండి భారత్‌నెట్ అను పేర నడచుచున్నది. ఫైబరు పంచాయతీ భవనము వరకు వచ్చినను, భవనము లోపల వైఫై తెగిపోవుచున్నదని సభ్యులు మాతో చెప్పుచున్నారు. ఈ-సంజీవని ద్వారా వైద్యునితో మాట్లాడుచున్న వృద్ధురాలిని చాటుగా చెప్పుకొనుటకు లోపలి గదికి తీసికొనిపోవుదురు. గుమ్మము దాటగానే వైద్యుని ముఖము తెరపై నిలిచిపోవును.

గోడలు అలను తగ్గించుట నిజమే. అందుచే లోపలి గదికి రెండవ రౌటరును తెత్తురు. చిక్కు అచ్చటనే యున్నది. ప్రతి రౌటరును తన పరిధిలోని ఫోనులకు తానే ఐ.పి. చిరునామాలు పంచిపెట్టును. గది మారిన ఫోనునకు క్రొత్త చిరునామా వచ్చును. వైద్యుని మాటలు మాత్రము పాత చిరునామాకే పోవుచుండును. ఇల్లు మారిన సంగతి పోస్టుమానునకు చెప్పనిచో ఉత్తరము పాత గుమ్మమున పడియుండును గదా! రెండింటికిని ఒకే పేరు, ఒకే సంకేతపదము పెట్టినంతమాత్రమున ఇది తీరదు.

చిరునామాలు పంచు పని మొదటి రౌటరునకే విడిచి, రెండవ దానిని యాక్సెస్ పాయింట్ పద్ధతిలో నడుపవలెను. చాల రౌటరులలో ఈ సదుపాయము కలదు, క్రొత్తది కొననక్కరలేదు. రెండింటిని తీగతో కలిపి, పేరును సంకేతపదమును ఒకటిగా నుంచి, 2.4 గిగాహెర్ట్జ్ ఛానలులను మాత్రము 1, 6, 11లలో వేరువేరుగా ఎన్నుకొనవలెను. ఎప్పుడు మారవలెనో నిర్ణయించునది ఫోనే గాని పెట్టె కాదు. కొన్ని ఫోనులు బలహీనమైన అలనే పట్టుకొని వ్రేలాడును. అందులకు పెట్టెను నిందించి ప్రయోజనము లేదు. 2008లో వెలువడిన 802.11ఆర్ ప్రమాణము ఫోనునందును పెట్టెయందును ఉన్నచో ఈ మార్పిడి మరింత త్వరగా జరుగును.

పన్నుల లెక్కలున్న కంప్యూటరులను ప్రజల ఫోనులతో కలుపవచ్చునా? కలుపరాదు. అయితే ఆ విభజన గదులను బట్టి గాక, వాడువారిని బట్టి జరుగవలెనని మా అభిప్రాయము. వీల్యాన్ సదుపాయముగల పెట్టెలు, స్విచ్చి అమర్చినచో, ప్రతి గదిలోను కార్యాలయమునకొకటి, ప్రజలకొకటి చొప్పున రెండు వైఫై పేర్లు కనబడును. ఎవరు ఏ గదికి పోయినను తమ విభాగముననే యుందురు.

అమర్చినవారికి బిల్లు చెల్లించుటకు ముందు, ఫోనులోని ఐ.పి. చిరునామాను మొదటి గదిలో వ్రాసికొని, లోపలి గదికి పోయి మరల చూడుడు. అంకెలు మారినచో పని పూర్తికాలేదు.